అడుగు పొర

అరవై నాలుగో ఏట నేను అక్షరాలు నేర్చుకున్నాను, అదీ తిరగేసి. నా చేతికి మొదట వచ్చిన అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు ఎడమకు తిరిగి ఉండేవి. అందుకే ఈనాటికీ పుస్తకం కన్నా అద్దంలో కనబడే పుస్తకమే నాకు తేలిగ్గా చదవొస్తుంది.

ఆ అక్షరాలు పక్కింటి ఒపల్ వంటింట్లోవి. నది ఒడ్డున గాజు ఫ్యాక్టరీ మూతబడ్డాక ఒపల్ ఇంట్లోనే గాజు మీద పేర్లు వేసే పని పెట్టుకుంది. మా ఊళ్లో ఆ పనికి కొదవ లేదు. చర్చి విందుకైనా, చావింటికైనా, పురిటింటికైనా వంట గాజు పాత్రలోనే వెళ్తుంది. పాత్రలన్నీ ఒకే తీరు. కడిగి బోర్లించాక ఎవరిది ఏదో పోల్చుకోలేరు. అడుగున ఇంటిపేరు వేయించుకుంటే పాత్ర తిరిగి ఇల్లు చేరుతుంది. పేరు బయటివైపు వేయాలి, లోపల వేస్తే గరుకుకు వంట పట్టుకుంటుంది. లోపల్నుంచి చూసేవాళ్లకు సరిగ్గా కనబడాలంటే బయట తిరగేసి వేయాలి. అందుకే ఒపల్ మిషను నుంచి వచ్చే స్టిక్కరు కాగితాల నిండా తిరగబడ్డ అక్షరాలే.

నా భర్త హార్లన్ మార్చిలో పోయాడు. మే నెలలో ఒపల్ మా గుమ్మంలోకి వచ్చి, "గోడలకేసి చూస్తూ కూచుంటే గోడలేమన్నా పలుకుతాయా? వచ్చి కలుపు తియ్యి" అంది.

ఆ పనిని వాళ్లు కలుపు తీయడమనే అంటారు. మిషను స్టిక్కరు కాగితాన్ని అక్షరం గీత వెంట కోస్తుంది. సన్నటి కొక్కెంతో అక్షరాన్ని పెరికేయాలి, సున్నాలాంటి అక్షరాల మధ్య ముక్కను మాత్రం మిగల్చాలి. కన్నాలు పడ్డ ఆ కాగితాన్ని గాజుకు అంటించి, పైన గాజును తినే తెల్లటి క్రీము పట్టించాలి. ఐదు నిమిషాలాగి కడిగేస్తే, అక్షరం పెరికిన చోటల్లా గాజు పాల రంగుకు తిరిగి ఉంటుంది. అది ఇక చెరగదు. నాకు చదువు రాకపోయినా వేళ్లు చురుకైనవి. నెల తిరిగేసరికి ఒపల్ కన్నా నేనే ముందు పూర్తి చేసేదాన్ని.

జూన్‌లో ఒక పొద్దున ఒపల్ మిషను దగ్గర్నుంచి తల తిప్పకుండా, "ఆ పసుపు చీటీ చూడు, ఇంకా ఎవరివి మిగిలాయో" అంది.

"కళ్లజోడు తేలేదు."

"మరి నీ నెత్తి మీద ఉన్నదేంటి, కొప్పా?"

నలభై ఏళ్లుగా ఆ కళ్లజోడు మాట ఎక్కడ చెప్పినా చెల్లింది. ఆ రోజు చెల్లలేదు. అబద్ధం ఇంకోటి వెతుక్కునే ఓపిక కూడా లేకపోయింది.

"ఒపల్, నాకు చదవడం రాదు."

ఒపల్ నవ్వింది. తరవాత నా మొహం చూసి ఆపేసింది. "రాదంటే?"

"రాదంటే రాదు. నా పేరు కూడా బొమ్మ గీసినట్టు గీస్తాను."

"మరి చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని నిలబడతావు కదే?"

"పక్కవాళ్లు పేజీ తిప్పినప్పుడు తిప్పుతాను. పాటలు చెవిన పడి వచ్చాయి. హార్లన్‌కీ మా అక్క రీబాకీ తప్ప ఎవరికీ తెలీదు. నువ్వూ ఎవరికీ చెప్పకు."

ఒపల్ కుర్చీ లాక్కుని కూచుంది. చేతి తొడుగులు ఊడదీసి ఒకదాన్లో ఒకటి దోపింది. "ఏదీ చదవలేదా? ఎప్పుడూ?"

"ఏదీ."

"ఇంట్లో వస్తువుల మీద రాసున్నవి కూడా?"

"హార్లన్ చదివి చెప్పేవాడు."

ఆమె మొహం పాలిపోయింది. నా మీద జాలి అనుకున్నాను. లేచి కిటికీ తీసింది, క్రీము వాసన ఎక్కువైందని చెప్పి. ఆ పూట మేం క్రీము మూతే తీయలేదు. మర్నాడే నన్ను కారెక్కించుకుని లైబ్రరీకి తీసుకెళ్లింది. పెద్దవాళ్లకు చదువు చెప్పే తరగతి అక్కడ మంగళవారాలు ఉండేది. "ఇన్నాళ్లు ఆగింది చాల్లే, ఇక నేర్చుకో" అంది, నా మీద కోపం వచ్చినట్టు.

నేర్చుకోవడానికి నాకొక కారణం దొరికింది. మా చర్చిలో సంఘ పెద్ద ఎవరు పోయినా ఆయన పేరుతో ఒక గాజు పలక చేయించి హాలు కిటికీలో వేలాడదీస్తారు. సెప్టెంబరు మొదటి ఆదివారం పెద్ద విందు జరుగుతుంది. హార్లన్ పలక కూడా ఆ రోజే వేలాడదీయాలి. పాస్టరు గారి భార్య మార్లిస్ ఆ సంగతి మాట్లాడడానికి ఒపల్ ఇంటికే వచ్చింది.

"పైన 'ప్రియమైన భర్త' అని, కింద పేరు, ఏళ్లు. అంతేగా, డెల్ఫా గారూ?"

"అంతే. ఆ అక్షరాలు నేనే కోస్తాను."

"మిషనుందిగా. మీకెందుకండీ అంత శ్రమ?"

"చేత్తో కోస్తాను."

హార్లన్ నా కళ్లు. ఉత్తరాలు, మందు సీసాలు, కరెంటు బిల్లులు, పేపర్లో చావు వార్తలు అన్నీ ఆయన గొంతులోంచే నాకు చేరాయి. ఆయన చేతుల సంగతి కూడా చెప్పాలి. పదకొండేళ్ల కిందట నా కుడి మణికట్టు ఆయన చేతుల్లోనే విరిగింది. మెట్ల మీంచి జారానని ఆసుపత్రిలో చెప్పాను. అక్క నమ్మలేదు. ఆసుపత్రి వరండాలోనే ఆయనతో పెద్ద గొడవ పడింది. ఆమె ఇల్లు వంతెన దాటి అరగంట దూరం, ఒంటరి మనిషి. గొడవైన వారానికి ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. హార్లన్ చదివి వినిపించాడు: "నీ కాపురం నువ్వు చూసుకో. నేను పిలిచేదాకా నా గడప తొక్కకు." ఆయన ఆ మాటలు చదువుతూ బాధపడ్డాడు కూడా.

రెండు నెలలకు అక్క దగ్గర్నుంచి పోస్టులో ఒక గాజు పాత్ర వచ్చింది. అడుగున చుట్టూ తీగ, మధ్యలో రెండు వరుసల అక్షరాలు. మిషన్లు ఇంకా మా వైపు రాని రోజులు, అక్క అలమరాలో పరిచే స్టిక్కరు కాగితాన్ని కత్తితో కోసి చేసింది. హార్లన్ చాలాసేపు చూసి, "దేవుడు ఈ వంటింటిని చల్లగా చూచుగాక, అని రాసింది" అన్నాడు. అక్క కోపం తగ్గుతోందనుకున్నాను. పిలుస్తుందని ఎదురు చూశాను. పిలవకుండా ఎలా వెళ్తాను?

పిలుపు రాలేదు. మూడేళ్ల కిందట ఆమె చనిపోయిందన్న ఫోనే వచ్చింది.

ప్రతి సెప్టెంబరు విందుకూ ఆ పాత్రలోనే ఆలుగడ్డలూ చీజూ వండి తీసుకెళ్లేదాన్ని. మొదటి ఏడాది తప్ప, ఆ పాత్ర ఎప్పుడూ ఖాళీగా ఇంటికి రాలేదు. వరసలో అందరూ వడ్డించుకుంటుంటే హార్లన్ కేకేసేవాడు, "అడుగు పొర నాది. అడుగున గరిటె తగిలిందో, చూస్కోండి" అని. ఆడవాళ్లు నన్ను ఆటపట్టించేవాళ్లు, ముసలాడికి నీ వంటంటే ఎంత పిచ్చో అని. ఆ పొర ఇంటికి తెచ్చుకుని, రాత్రి భోజనంలో ఆయనే తిని, పాత్ర ఆయనే కడిగి అలమరాలో పెట్టేవాడు. జీవితంలో కాఫీ కప్పు కడిగి ఎరగని మనిషి. విరిగిన మణికట్టు ఒక పక్క, ఆ అడుగు పొర ఒక పక్క పెట్టుకుని, చివరికి పొర వైపే మొగ్గేదాన్ని. ప్రియమైన భర్త అని రాయడానికి అది చాలనుకున్నాను.

ఆగస్టు చివరికి ఆ రెండు మాటలూ, పేరూ చూడకుండా రాయగలిగాను. పలక చుట్టూ ఏ అంచు వేయాలన్న మాట వచ్చింది.

"మా అక్క పాత్ర మీది తీగ ఎత్తి వేద్దాం" అన్నాను.

ఒపల్ మిషను మీట నొక్కబోయి ఆగింది. "అది పాతకాలపు తీగ. మిషన్లో బోలెడున్నాయి చూడు. ద్రాక్ష, గులాబీ, ఓకు ఆకులు..."

"ఆయనకు ఆ పాత్రంటే ఇష్టం."

"గాజు పలకకు ఓకు ఆకులే అందం. నా మాట విను, డెల్ఫా."

"నీకేంటి అంత పట్టుదల?"

"నాకేం పట్టుదల" అంది. ఆ రోజు మూడు పేర్లు పాడుచేసింది, ఎన్నడూ పాడుచేయని మనిషి.

మర్నాడు ఒపల్ గాజు పలక తేవడానికి బజారుకు వెళ్లినప్పుడు, నేను ఇంటి నుంచి పాత్ర తెచ్చాను. ఆమె వంటింటి బల్ల మీద నల్లగుడ్డ పరిచి, పాత్రను బోర్లించి, పైన పల్చటి కాగితం పెట్టాను. తెల్లటి తీగ కాగితంలోంచి చక్కగా కనబడింది. పెన్సిలుతో దాని వెంట నడిచాను. ఒక మూల నుంచి మొదలుపెట్టి నాలుగు పక్కలూ తిరిగి వచ్చాను. తీగ అయిపోయింది. పెన్సిలు మధ్యలోకి జరిగింది. ఆ అక్షరాలు ఏమంటాయో నాకు ముందే తెలుసు, అందుకే ఇన్ని వారాలు చదువుకుంటూ కూడా వాటి వంక చూడాలని తోచలేదు. వాటిని కూడా ఎత్తుదామనుకున్నాను, అంతే.

బోర్లించిన పాత్ర మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి, నాకు అలవాటైన వైపుకే. మొదటి మాట గీసి చేయి తీశాను. హార్లన్ చదివిన ప్రకారం ఆ మాట 'దేవుడు'. కాగితం మీద ఉన్నది నా పేరు.

మిగతాది గీయలేదు. కాగితం పక్కన పెట్టి, వేలు పెట్టి గాజు మీదే చదివాను. ఒక్కో మాట దగ్గర ఆగుతూ, రెండు వరుసలకు చాలాసేపే పట్టి ఉంటుంది.

డెల్ఫా, నీకు మంచం వేసే ఉంచాను.
ఎప్పుడైనా రా. అడగక్కర్లేదు.

అక్క అంత్యక్రియల రోజు గుర్తొచ్చింది. ఆమె ఇంట్లో వంటింటి పక్క చిన్న గదిలో, నీలం గళ్ల బొంత పరిచి ఒక మంచం ఉంది. వచ్చినవాళ్లందరం దాని మీద కోట్లు పడేశాం. నేనూ నా కోటు దాని మీదే పెట్టాను. ఒంటరి మనిషికి ఈ మంచం ఎవరికోసమో అని కూడా అనుకున్నాను. తలగడ కొత్తది. వెళ్లేటప్పుడు కోటు తీసుకుని, బొంత ముడతలు సరిచేసి వచ్చాను.

ఒపల్ గాజు పలక చంకలో పెట్టుకుని లోపలికి వచ్చింది. బల్ల మీద బోర్లించిన పాత్రను చూసింది, నా వేలు ఎక్కడుందో చూసింది. పలకను నెమ్మదిగా గోడకు ఆనించింది.

"చదివావా?"

"నీకు తెలుసు."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటి ఏడాది నుంచి. ఆ సారి పిల్లలు అడుగు దాకా గీకి తినేశారు కదా. నేనూ, ఇంకో ముగ్గురూ చర్చి వంటింట్లో గిన్నెలు కడుగుతూ చదివాం. హార్లన్ లోపలికొచ్చి నా చేతిలోంచి పాత్ర లాక్కుపోయాడు, సబ్బు నురగ కూడా పోకుండానే."

ఆ తరవాతే అడుగు పొర ఆయనదైంది. ఒపల్ కళ్లు దించుకుంది.

"నలుగురు చదివారు. ఒక్కరూ నాతో అనలేదు."

"నీకు తెలుసనుకున్నాం, డెల్ఫా. నీకు చదువు రాదని మాకేం తెలుసు? ఏటేటా నువ్వే ఆ పాత్ర తెచ్చి, అందరి ముందూ, ఆయన ముందూ పెట్టేదానివి. కావాలనే పెడుతున్నావనుకున్నాం. ఎంత గుండె ధైర్యమో అనుకున్నాం. నాకు పోయే చోటుంది అని ఆయనకు చూపిస్తోంది, పోవాలనుకుంటే పోతుంది, మనం మధ్యలో వేలు పెట్టడమెందుకు అనుకున్నాం."

"నా పక్కటెముకలు విరిగిన ఏడాది కూడా?"

"అప్పుడూ అలాగే అనుకున్నాం."

మా అక్కకు నాకు చదువు రాదని తెలుసు. ఉత్తరాలు ఎవరి చేతుల్లో పడతాయో, ఫోను ఎవరు ఎత్తుతారో తెలుసు. గాజు మీద రాస్తే కాల్చలేరు, చెరపలేరు. చర్చి విందుకు వెళ్తుంది, వందమంది చేతులు మారుతుంది, ఒక్కరన్నా పైకి చదవకపోతారా అనుకుని ఉంటుంది. చదువు వచ్చినట్టు నేను చేసే నటన ఊళ్లో ఇంత బాగా పండిందని ఆమెకు తెలీదు.

"జూన్‌లో తెలిసిందిగా నీకు, నాకు చదవడం రాదని."

"తెలిసింది."

"మూడు నెలలైంది."

"ఎలా చెప్పను? ఆయన పోయాడు, ఆమె పోయింది. ఇప్పుడు చెప్తే నీకేం మిగులుతుంది అనుకున్నా." గోడకు ఆనించిన పలకను ఇంకాస్త సరిగ్గా జరిపింది. "పైగా లైబ్రరీకి తీసుకెళ్లింది నేనేగా. ఏదో ఒకరోజు నువ్వే చదువుకుంటావని..."

"అంటే నువ్వు నోరు తెరవక్కర్లేకుండా."

ఒపల్ సింకు దగ్గరికి వెళ్లి, శుభ్రంగా ఉన్న కప్పునే మళ్లీ కడిగింది.

విందుకు ఇంక వారమే ఉంది. పలక పని ఆపడానికి లేదు. ఓకు ఆకులే వేశాం. నేను చేత్తో కోసిన అక్షరాల కాగితాన్ని ఒపల్ పలకకు అంటించి, బుడగలు లేకుండా అదిమింది. పైన ప్రియమైన భర్త, కింద హార్లన్ హాట్, ఏళ్లు. అక్షరాలు కొంచెం వంకర, అయినా అన్నీ నావే. ఒపల్ కిటికీ తీసి, తొడుగులు వేసుకుని, క్రీము మూత తిప్పింది.

"కాస్త ఆగు" అన్నాను.

వెడల్పు టేపు చుట్ట తీసుకుని ఒక పట్టీ చింపి, పై వరుస మీద ఈ చివర నుంచి ఆ చివరకు అంటించాను. బొటనవేలితో రెండుసార్లు రుద్దాను, క్రీము కిందికి దిగకుండా. ఒపల్ చూస్తూ నిలబడింది. "ఇది చెరగదు, తెలుసుగా" అంది.

"అందుకే."

ఆమె పేరు మీదా ఏళ్ల మీదా క్రీము పట్టించింది. ఐదు నిమిషాలకు కడిగి, టేపూ కాగితమూ ఒలిచేశాం. పైన జానెడు మేర గాజు నీళ్లలా తేటగా ఉంది.

మిగిలిన స్టిక్కరు ముక్క మీద నేను ఇంకొక వరుస కోశాను. దానికి ఎవరి సాయమూ తీసుకోలేదు. పాత్ర బోర్లించి, అక్క రాసిన రెండు వరుసల కింద అంటించి, క్రీము పూసి, గడియారం చూస్తూ కూచున్నాను. ఒపల్ అటు తిరిగి నిలబడింది.

ఆదివారం పలకను కిటికీలో వేలాడదీశారు. మార్లిస్ దాని ముందు తల ఒక పక్కకు వాల్చి, "పైన ఖాళీ వదిలేశారేంటండీ?" అని అడిగింది.

"స్టిక్కరు కాగితం చాల్లేదు" అంది ఒపల్ గబగబా.

"చాలింది" అన్నాను నేను.

మార్లిస్ మా ఇద్దరి వంకా చూసి, పాస్టరు గారు పిలుస్తున్నారంటూ వెళ్లిపోయింది.

పొడుగు బల్ల మీద నా ఆలుగడ్డల పాత్రను దాని చోటులోనే పెట్టాను. మామూలుగా అయితే నేను కూచుని తినేదాన్ని. ఆ రోజు గరిటె పట్టుకుని పాత్ర వెనకే నిలబడ్డాను. వచ్చినవాళ్లందరికీ నేనే వడ్డించాను. సగానికి పైగా అయ్యాక ఒక ముసలాయన, అలవాటు కొద్దీ, "ఇక చాలమ్మా, అడుగు పొర హార్లన్‌ది" అని నాలుక కరుచుకున్నాడు.

"ఫరవాలేదు, పట్టండి" అని అడుగు నుంచి గీకి పెట్టాను. తరవాత వచ్చినవాళ్లకీ గీకే పెట్టాను. గరిటె గాజుకు తగిలి కీచుమంటోంది. ఒక్కొక్క అక్షరమే బయటపడుతోంది. పళ్లెం చాచినవాళ్లు పాత్రలోకి చూసేవాళ్లు, తరవాత నా మొహంలోకి చూడకుండా బల్ల చివరికి నడిచేవాళ్లు.

ఖాళీ పాత్రను నేనే వంటింట్లోకి తీసుకెళ్లాను. సింకు దగ్గర ఆనాటి నలుగుర్లో ముగ్గురు ఉన్నారు, ఒపల్‌తో కలిపి. నాలుగో ఆమె పోయి చాన్నాళ్లైంది. పాత్రను నీళ్లలో పెట్టి, సబ్బు రాసి, కడిగి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. అక్క వరుసలు రెండూ ఉన్నాయి. వాటి కింద నాది, కొంచెం వంకరగా.

ఇవాళ చదివాను, అక్కా.

ముగ్గురూ చదివారు. ఎవరూ పైకి చదవలేదు. కొళాయి మాత్రం పారుతూనే ఉంది. కాసేపటికి ఒకామె కట్టేసింది.

ఇప్పటికీ మంగళవారాలు ఒపల్ కారులోనే లైబ్రరీకి వెళ్తాను, నాకు ఇంకో దారి లేదు. వెళ్లేటప్పుడు ఆమె రేడియో పెడుతుంది. ఆమె వంటింట్లో కలుపు తీయడం మాత్రం మానేశాను. అక్క ఇల్లు ఎవరో కొనుక్కున్నారని, ఆ చిన్న గది గోడ కొట్టేసి వంటిల్లు పెద్దది చేశారని విన్నాను.

ఆ ఆదివారం పాత్రను తుడిచి, చంకలో పెట్టుకుని, ఇంటికి నడిచి వెళ్లాను. పదేళ్లలో మొదటిసారి అది ఖాళీగా ఇంటికి వచ్చింది.